గాయని అడిగింది, నేను పలికాను

ఈ మధ్యాహ్నం మా అమ్మాయి మేఘనతో అమెరికాలోని ప్లేనోలో ఒక నాటకానికి వెళ్లాను. వెనకటి తరం ఒపెరా గాయని కథ. పాత్రలన్నీ ఒక్క నటే వేసింది. చివర్లో, గొంతు తగ్గిపోయిన ఆ గాయని మా వైపు తిరిగి, "నేనింకా మీకెవరికైనా గుర్తున్నానా?" అని అడిగింది. హరికథలు వింటూ పెరిగినదాన్ని, కథ చెప్పేవాళ్లు అడిగితే ఊరుకోలేను.

"గుర్తున్నారమ్మా," అన్నాను గట్టిగా, తెలుగులోనే.

మేఘన నా చెయ్యి గిల్లింది. "అమ్మా, షీ ఈజ్ యాక్టింగ్. ఆన్సర్ చెయ్యకూడదు."

"మరి అడగడం ఎందుకే?"

నటి మా వరుస వైపు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచింది. ఆ తర్వాతే ఆఖరి పాట ఎత్తుకుంది.

ఇక నాతో ఏ నాటకానికీ రానంటోంది మేఘన. ఆవిడ మళ్లీ అడిగితే నేను మళ్లీ పలుకుతాను. మీరైతే ఊరుకునేవారా?