చీనీ చెట్లు ఇచ్చిన ఐదు రోజుల సెలవు

ఆఫీసులో నాకు దొరికిన సెలవు మూడు రోజులు. దానికి రెండో శనివారం, ఆదివారం కలిపితే ఐదు. మే నెలలో అనంతపురం నుంచి సముద్రం దాకా పోయి రావడానికి ఐదు రోజులు చాలవని మా రెవెన్యూ ఆఫీసులో అందరూ తేల్చేశారు. నేను చాలవంటే ఊరుకునే రకం కాదు. పనికిరాని దరఖాస్తు ఫారం వెనక్కి తిప్పి, గీతలు గీసి, ఊరికి ఎదురుగా గంట, గంటకు ఎదురుగా పని రాసుకున్నాను. పళ్ళు తోముకోవడానికి కూడా పది నిమిషాలు కేటాయించానని మా ఆయన రామాంజి ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఈ ప్రయాణం పుట్టింది మా అత్త లింగమ్మ అడిగిన ప్రశ్నతో. ఆమె మా నాయనకు సొంత అక్క. పుట్టినప్పటి నుంచీ నాకు అత్తే, పెళ్ళయ్యాక ఇంకోసారి అత్త అయింది. యాడికి దగ్గర పల్లెలో సేద్యం. పోయిన ఏడాది మా ఇంటికి వచ్చినప్పుడు గోడమీది క్యాలెండరులో సముద్రం బొమ్మ చూసి, "దీనికి అవతలి గట్టు యాడుండాది?" అంది. లేదత్తా అన్నాను. "గట్టు లేకుండా నీళ్ళు ఎట్ల నిలబడతాయే?" అంది. అరవై రెండేళ్ళ మనిషి. ఆమెకు తెలిసిన నీళ్ళన్నీ కొలతకు వచ్చేవే: బిందె, తొట్టి, డ్రమ్ము, రెండిళ్ళకు ఒక ట్యాంకరు.

రామాంజి స్కూలు బస్సు డ్రైవరు కాబట్టి వేసవి అంతా ఖాళీ. అత్త మోకాళ్ళకు బస్సులు మారడం కష్టం. ఊరి బయట షెడ్డులో మస్తాన్ అన్న పాత టెంపోను ఇల్లులాగా మార్చి బాడుగకు ఇస్తున్నాడని తెలిసి పోయి చూశాం. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, అన్నం తట్టంత సింకు, నిలబడితే మోచేతులు గోడకు తగిలే స్నానాల గది, మంచం కింద నూట ఇరవై లీటర్ల నీళ్ళ ట్యాంకు. మస్తాన్ అన్న రెండే షరతులు పెట్టాడు. "మంగళారం సాయంత్రం ఆరుకు బండి ఈడ ఉండల్ల. బుధారం పొద్దున్నే ఇంగో ఫ్యామిలీ ఎక్కుతాది. ట్యాంకు కడాకు ఖాళీ చేసి ఇయ్యండి, లేకుంటే పాచి పడుతుంది."

అత్త పెట్టిన షరతు ఇంకా గట్టిది. పాత తోట ఎండిపోయాక ఆమె మళ్ళీ పెట్టి బతికించుకున్నవి నాలుగు చీనీ చెట్లు. కోస్తా వాళ్ళు బత్తాయి అంటారే, అవి. మూడేళ్ళ చెట్లు, ఈ ఏడే మొదటి కాపు పడింది. బోరులో సన్నగా వచ్చే నీళ్ళు డ్రమ్ముకు పట్టి, రోజూ చెట్టుకు రెండు బిందెలు పోస్తుంది. పక్క చేను ఈరమ్మ పోస్తానంటే తప్ప కదలనంది. ఈరమ్మ సరేనన్నాక కూడా, "అయిదు దినాలైతే వస్తా. ఆరో దినమంటే రాను. చెట్లు ఆగవు" అని ఖరాఖండిగా చెప్పింది. అలా ఆఫీసు ఇచ్చిన సెలవు, చెట్లు ఇచ్చిన సెలవు ఒకటే అయ్యాయి.

శుక్రవారం తెల్లవారి ఐదుకు అనంతపురంలో బయలుదేరాం. ట్యాంకు నిండా నీళ్ళు. ఐదున్నరకు గార్లదిన్నె, ఆరు ఇరవైకి గుత్తి. ఈ దారిలో నేను వందసార్లు బస్సులో నిలబడి పోయి ఉంటాను. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మంచం మీద కూర్చుని చూడడం అదే మొదటిసారి. దున్ని వదిలేసిన ఎర్రటి చేలు ఆకాశం అంచు దాకా ఉన్నాయి. ఒక్క పచ్చటి ఆకు లేదు, అయినా ఎంత అందంగా ఉన్నాయో! గుత్తి కోట కొండ మీద ఎండ పడుతుంటే రామాంజి బండి పక్కకు ఆపేశాడు. పట్టికలో లేని ఆగడం. నేనూ కిందికి దిగాను.

ఏడుంపావుకు పల్లె చేరాం. అత్త రోడ్డు మీదే నిలబడి ఉంది. గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు, ఊరిమిండి పచ్చడి, వేయించిన చెనిక్కాయలు, ఒక చేతిసంచి, రెండు ప్లాస్టిక్ బిందెలు.

"బిందెలెందుకత్తా? బండిలోనే కొళాయి ఉండాది," అన్నాను.

"ఉంటే ఉండనీ. బిందె లేకుండా నేను యాడికీ పోను."

బిందెలు ఎక్కాయి. స్నానాల గదిలో వాటికి చోటిచ్చి, ఐదు రోజులూ మేమే బయట స్నానం చేశాం. ఎందుకంటే అత్త ట్యాంకు నీళ్ళు ముట్టనివ్వలేదు. గుంతకల్లు దాటాక సింకులో గ్లాసు కడగబోతే చెయ్యి పట్టుకుంది. "దోవ పొడుగునా పెట్రోలు బంకుల్లో కొళాయిలుండాయి గదా. మోసుకొచ్చిన నీళ్ళు పారబోస్తారా ఎవరన్నా?" బళ్ళారి బంకులో మొహం కడుక్కుని, హోస్పేట బంకులో గిన్నెలు తోముకుని, ఇంత ఖర్చు పెట్టి బండి తీసుకున్నది ఇందుకేనా అని లోలోపల ఉడికిపోయాను.

ఒంటిగంటన్నరకు తుంగభద్ర ఆనకట్ట చూశాం. వేసవి కాబట్టి నీళ్ళు లోపలికి జరిగి పోయాయి, ఒడ్డంతా నెర్రెలు. అయినా అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. మన గార్లదిన్నె పక్క కాలువకు వచ్చేవి ఇవే నీళ్ళని రామాంజి చెప్తే, "ఇంత దూరం నుంచి వస్తాండాయా! పాపం," అంది. నీళ్ళను చూసి పాపం అన్న మనిషిని నేను అప్పుడే చూశాను. ఆ రాత్రికి గదగ్ దగ్గర ఒక దాబా ఆవరణలో ఆగాం.

శనివారం ఆరుకు బయలుదేరి, హుబ్బళ్ళిలో ఇడ్లీలు తిని, ఎల్లాపురం అడవి దాటి ఘాట్ దిగాం. చెట్టు మీద చెట్టు పడినట్టున్న ఆ అడవిలో అత్త కిటికీకి మొహం ఆనించే ఉంది. మూడున్నరకు గోకర్ణం. ఊరి బయట సరుగుడు తోపులో బండి పెట్టుకోనిచ్చే మనిషి దొరికాడు. తాగే నీళ్ళకు అక్కడ కొళాయి ఉంది. మాకు దొరికింది చివరి చోటు. మీరు పోతే శనివారం మధ్యాహ్నం లోపే చేరండి.

తోపు చివర ఇసుక దిబ్బ ఎక్కితే సముద్రం. అత్త దిబ్బ మీద ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి మెల్లగా తల తిప్పి, చివరికి అక్కడే కూలబడింది. రామాంజి కంగారుపడి పట్టుకోబోతే, "ఉండప్పా," అని చెయ్యి విదిలించుకుంది. ఆ తర్వాత, "గట్టు లేదు. నిజంగానే గట్టు లేదే సుజాతా," అంది. అప్పటిదాకా నేను సముద్రాన్ని ఐదారుసార్లు చూశాను. నిజానికి అప్పుడే చూశాను.

కాళ్ళు తడిశాక దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మింది. "ఇన్ని నీళ్ళుండీ ఒక చెట్టుకన్నా పనికి రావా?" రావన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుంది. "పనికి రాకపోతే పోనీ. చూడొచ్చు."

ఆదివారం ఉదయం ఆరుకే పోయి ఇసుకలో కూర్చుంది. తొమ్మిదిన్నరకు ఆమె చిన్న ఫోను మోగింది. పక్కకు జరిగి రెండు మాటలు మాట్లాడి వచ్చింది. ఎవరత్తా అంటే, "ఈరమ్మ. ఊరికే చేసింది," అని మళ్ళీ కూర్చుంది. పదకొండు దాకా లేవలేదు. ఎండ మండుతోందని నేనే గొడుగు తీసుకుపోయి పట్టుకున్నాను. సాయంత్రం కూడా అక్కడే. నా పట్టికలో ఆదివారానికి రాసుకున్న గుళ్ళు, గుహలు అన్నీ అలాగే మిగిలిపోయాయి.

సోమవారం ఎనిమిదికి తిరుగు ప్రయాణం. పట్టిక ప్రకారం సాయంత్రానికి హోస్పేట, మంగళవారం పదకొండుకల్లా పల్లె, మూడుకు అనంతపురం. పదింటికి ఘాట్ మధ్యలో ఒక లారీ ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయింది. ముందు, వెనక బళ్ళే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మా వెనక ఉన్న బస్సులోంచి చంటిబిడ్డను ఎత్తుకుని ఒకామె వచ్చింది. "అజ్జీ, నీరు ఇదెయా?" అని కన్నడంలో అడుగుతూ ఖాళీ సీసా చూపించింది.

మూడు రోజులు నన్ను గ్లాసు కడగనివ్వని మనిషి లేచి ట్యాంకు కొళాయి తిప్పింది. సీసా నింపి, బిడ్డ మొహం తుడిచి పంపింది. ఆ తర్వాత బస్సంతా వచ్చింది. లారీల వాళ్ళు డబ్బాలతో వచ్చారు. అత్త మెట్టు మీద కూర్చుని బిందె నింపుతూ, ముంచి పోస్తూ ఉంది. మూడు గంటలకు కొళాయి గుడగుడమని ఆగిపోయింది.

"మమ్మల్ని చేతులు గూడా కడుక్కోనీకపోతివి గదత్తా!" అన్నాను, కొంచెం కోపంగానే.

"నువ్వు చేతులకు అడిగితివి. వాళ్ళు తాగేదానికి అడిగినారు."

ఐదుకు దారి వదిలారు. ఆ రాత్రి ఎల్లాపురం దాటలేకపోయాం. మంగళవారం ఐదుకే లేచి పరుగు. హోస్పేటలో డీజిలు పోయించుకుంటుంటే అత్త కిందికి దిగి కొళాయికి పైపు తగిలించమంది. రామాంజి నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, సాయంత్రానికి ఖాళీ చేసి ఇయ్యల్ల. ఇప్పుడు నింపేదేంది?"

"చేస్తాం లేప్పా. నింపు."

ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. నేను గడియారం చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను.

గుత్తి చేరేసరికి రెండూ నలభై. ఇక్కడి నుంచి అనంతపురం తిన్నగా గంటన్నర. పల్లెకు తిరిగితే ఆరింటికి బండి అప్పగించడం అనుమానమే. అత్తను బస్సెక్కించి మేము తిన్నగా పోదామని రామాంజి, నేను ముందే అనుకున్నాం. బస్టాండు దగ్గర ఆ మాట చెప్పాను. అత్త సంచి తీసుకుంది, బిందెలు తీసుకుంది. దిగబోతూ ఆగి, మంచం కింది ట్యాంకు వైపు చూసింది.

"ఈ నీళ్ళు ఏం చేస్తారు?"

"షెడ్డులో వదిలేస్తాం."

"నా చెట్లకు పోయరాదా," అంది. ఆమె ఎవరినీ ఏదీ అడగడం నేనెరగను. "శనివారమే బోరు ఎండిపోయింది. ఈరమ్మ మాత్రం యాడ తెస్తాది? ట్యాంకరు నీళ్ళు ఇండ్లకే చాలడం లేదంట."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆయితారం. ఆడ కూర్చున్నప్పుడు."

అంటే ఘాట్‌లో బస్సు వాళ్ళకు బిందె తర్వాత బిందె పోస్తున్నప్పుడు ఆమెకు తెలుసు.

"అప్పుడే చెప్తే వెనక్కి వచ్చేసేవాళ్ళం గదా అమ్మా," అన్నాడు రామాంజి.

అత్త తల వంచుకుంది, తప్పు చేసినట్టు. "అందుకే చెప్పలేదు. ఇంగా రొంతసేపు చూడల్లనిపించింది."

నేను పట్టిక మడిచి సంచిలో పెట్టుకుని, మస్తాన్ అన్నకు ఫోను చేశాను. తిట్టాడు. ఆలస్యం చేసే వాళ్ళకు ఇంకెప్పుడూ బండి ఇయ్యనన్నాడు. చెట్ల సంగతి చెప్పాను. "ఎనిమిది లోపల రాండక్కా. పోసి రాండి," అన్నాడు.

మూడూ ముప్పావుకు చేను. చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఉన్నాయి. గోలీల్లాంటి పిందెలు కొన్ని కింద రాలి ఉన్నాయి. అత్త ఒక్కో చెట్టు దగ్గర వంగి కొమ్మ గిల్లి చూసింది. నాలుగూ చూసి, "ఉండాది. పానం ఉండాది," అంది. రామాంజి కొళాయి తిప్పాడు. నేను, అత్త చెరో బిందె. ఎర్రమట్టి నీళ్ళను చప్పుడు చేస్తూ తాగింది. చెట్టుకు రెండు, మొత్తం ఎనిమిది బిందెలు. చివరి బిందె నిండలేదు, ముప్పాతికే వచ్చింది. రేపటికి ఏం చేస్తావత్తా అంటే, "ఈ పూట గడిచింది గదా. ఈరమ్మ ఒక్కతే అయితే డ్రమ్ము ఎత్తలేదు గానీ, రేపు ఇద్దరం ఎద్దులబండి కట్టుకుని పైచేని బోరు కాడికి పోతాం," అంది.

బయలుదేరబోతుంటే కిటికీ దగ్గరకు వచ్చింది. "ఆడ అలలు ఇప్పుడు గూడా వస్తాంటాయా?"

"వస్తాంటాయత్తా."

"చూసేవాళ్ళు లేకపోయినా?"

"లేకపోయినా."

తల ఊపి, బిందెలు చంకన పెట్టుకుని గట్టు ఎక్కిపోయింది.

తాడిపత్రి మీదుగా ఏడుంపావుకు షెడ్డు చేరాం. మస్తాన్ అన్న కొళాయి తిప్పి చూశాడు. చుక్క రాలేదు. తాళాలు తీసుకున్నాడు.

ఐదు రోజుల్లో ఇది చెయ్యవచ్చు. పట్టిక వేసుకోండి, కానీ రోజుకో పూట ఖాళీగా వదలండి. నన్నిప్పుడు ఆఫీసులో సముద్రం ఎంత పెద్దదని అడుగుతుంటారు. నాకు తెలిసిన కొలత ఒక్కటే. తన చీనీ చెట్లు ఎండిపోతున్నాయని తెలిసిన తర్వాత కూడా మా అత్త లింగమ్మను గంటన్నర సేపు లేవకుండా కూర్చోబెట్టింది. అంత పెద్దది.