బిషప్ గారి చెయ్యి, మా అవ్వ కొంగు

మా చిన్నప్పుడు... బోధన్ పక్కన మా ఊరి చర్చికి బిషప్ గారు వస్తున్నారంటే పెళ్లికి మించిన హడావుడి. గుమ్మానికి అటూ ఇటూ చెరుకు గడలు కట్టేవాళ్లు. సాయంత్రానికి అవి మా పిల్లల నోళ్లలో ఉండేవి...

ఆ ఏడు అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది మా అవ్వ. ఆమెకు బాప్తిస్మం మా పాస్టర్ అయ్యగారే ఇచ్చారు. కానీ తల మీద చెయ్యి ఉంచి కన్ఫర్మేషన్ ఇవ్వాలంటే బిషప్ గారే రావాలి. అది కానిదే ప్రభు భోజనంలో రొట్టె ముట్టకూడదు. ఒకసారి ఆయన వచ్చినప్పుడు అవ్వ చెరుకు కోతకు పోయింది. ఇంకోసారి జ్వరం... అందరూ లేచి రొట్టె తీసుకోవడానికి పోతుంటే, అవ్వ ఒక్కతే చాప మీద కూర్చుని నన్ను ఒళ్లోకి లాక్కునేది. పాపం, ఎంత చిన్నబోయేదో!

అయ్యగారు వారం ముందు నుంచే మాకు మర్యాదలు నేర్పారు. "ఘనులైన బిషప్ గారూ అనాలె. ఊకె అయ్యా గియ్యా అనొద్దు." అవ్వ పొయ్యి ముందు కూడా అదే వల్లె వేసింది.

ఆ రోజు రానే వచ్చింది. ఊదారంగు అంగీ, చేతిలో వంపు తిరిగిన పొడుగు కర్ర... "గొర్లు కాసేటోని కట్టె తీర్గనే ఉన్నది గదనే" అని అవ్వ నా చెవిలో గొణిగింది.

ఆమె వంతు వచ్చింది. మోకరించింది. చర్చిలో ఆడవాళ్లు ముసుగు తీయకూడదు కదా, బిషప్ గారు కొంగు మీదే చెయ్యి పెట్టబోయారు. అవ్వ చటుక్కున తల ఎత్తింది. నేర్చుకున్నదంతా గాలికి పోయింది.

"బిడ్డా... కొంగు మీద గాదు, నెత్తి మీద పెట్టు. ఎన్నేండ్ల సంది సూస్తున్ననో గీ చెయ్యి కోసం!"

అంటూనే ముసుగు వెనక్కి లాగేసింది. అయ్యగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకైతే ఒకటే భయం... ఇంక లేచి పొమ్మంటారేమోనని.

బిషప్ గారు నవ్వారు.

"అట్లనే అవ్వా" అన్నారు.

కొబ్బరినూనె కారుతున్న ఆ తల మీద రెండు చేతులూ ఉంచి, తీరిగ్గా ప్రార్థన చేశారు. తర్వాత రుమాలుతో చేతులు తుడుచుకుని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లారు. ఆ పూట రొట్టె కోసం అందరూ లేచినప్పుడు అవ్వ కూడా లేచింది. చాప మీద నేనొక్కదాన్నే మిగిలాను...

ఇప్పుడు బోధన్ రోడ్డు మీద ఫ్లెక్సీలు చూస్తుంటాను. బిషప్, డాక్టర్, అపొస్తలుడు... పేరు కంటే ముందున్న బిరుదులే పొడుగు. ఆనాటి మా బిషప్ గారికీ ఏవేవో ఉండే ఉంటాయి, ఒక్కటీ గుర్తు లేదు. అవ్వ "బిడ్డా" అంటే ఆయన పలికిన తీరే గుర్తుంది.

మీ ఊరికొచ్చిన పెద్దయ్యగార్లను మీ అవ్వలు ఏమని పిలిచేవాళ్లు?