దొరసానమ్మకు నేను నేర్పిన మాట

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డలో మేముండే వీధికి కెనడా నుంచి ఇద్దరు ముసలివాళ్లు కాపురానికి వచ్చారు. భార్యాభర్తలు. ఇద్దరికీ అరవై దాటాయి. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగో డెబ్బై ఐదో అయి ఉంటుంది, నాకప్పుడు పదేళ్లు. మా వీధి అంతా రాతిపని వాళ్లదే. మా నాయన, మా చిన్నాయన, అటూ ఇటూ ఉన్న ఇళ్లవాళ్లు అందరూ దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్లు. చర్చి తరఫున వచ్చిన మనుషులకు అలాంటి వీధిలో పనేమిటని మొదట్లో అందరూ అనుకున్నారు. నంద్యాలలో వాళ్ల చర్చివాళ్లకు పెద్ద బంగళా ఉంది. గదులు, పంకాలు, వంటమనిషి అన్నీ ఉన్నాయట. అవన్నీ కాదని, బట్టల అంగడి శెట్టి ఖాళీగా పెట్టుకున్న రెండు గదుల మిద్దెను బాడుగకు తీసుకుని మా మధ్యకు వచ్చారు.

వాళ్లు ఎవరినీ మతం మారమని అడగలేదు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు నంద్యాల పోయి, ప్రార్థన చేసుకుని, ఉత్తరాలూ రొట్టెలూ తీసుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లు. మిగతా ఆరు రోజులూ మా కళ్లెదుటే బతికారు. తెల్లవారుజామునే దొర బోరింగు దగ్గర ఆడవాళ్ల వెనకాల వరసలో నిలబడి రెండు బిందెలు నీళ్లు మోసుకుపోయేవాడు. ఎండాకాలం దుప్పట్లు తడిపి కిటికీలకు కట్టుకునేవాళ్లు. నెలకోసారి పెరట్లో ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఆయనే కత్తెరతో జుట్టు కత్తిరించేవాడు. మా అమ్మావాళ్లు గోడ మీదుగా అది చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నవ్వుకునేవాళ్లే గానీ, అందులో కొంచెం అసూయ కూడా ఉండేదని పెద్దయ్యాక నాకు అర్థమైంది.

దొరసానమ్మ ఆ దేశంలో నర్సు పని చేసిందట. రాయి చెక్కేటప్పుడు పెచ్చులు ఎగిరి కళ్లలో పడటం మా వీధిలో రోజూ ఉండేదే. పెచ్చు పడ్డవాణ్ణి ఆమె వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, రెప్ప తిప్పి, దూదితో ఆ నలుసును ఇట్టే తీసేసేది. ఆరు నెలలు తిరిగేసరికి వీధిలో ఆమె చెయ్యి పడని మగవాడు లేడు.

ఆమె రోజూ తప్పకుండా పోయే ఇల్లు ఒకటుండేది. మా వీధి మలుపులో మూలింటి అక్క ఇల్లు. ఆ అక్కకు ఒక్కతే కూతురు, ఏడేళ్ల పిల్ల. పుట్టినప్పటి నుంచి నడక లేదు, మాట లేదు, చేతులు కాళ్లు కొయ్యబారి ఉండేవి. దొరసానమ్మ సాయంత్రం నాలుగింటికి పోయి ఆ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, కాళ్లకు నూనె రాసి, మెల్లగా చాపుతూ మడుస్తూ కూర్చునేది. తన కొడుకు కూడా ఇలాగే పదకొండేళ్లు మంచం మీద ఉండి చనిపోయాడని వచ్చీరాని తెలుగులో ఆ అక్కకు చెప్పిందట. అప్పటి నుంచి వాళ్లిద్దరూ పెద్దగా మాటలు లేకుండానే అక్కాచెల్లెళ్లలా అయిపోయారు.

ఆమె తెలుగు పాత పుస్తకాల తెలుగు. 'వచ్చుచున్నాను', 'భుజింపుము' అనేది. వీధిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. తనకు మా వీధి మాటలు కావాలని, బడి వదిలాక ఒక గంట వచ్చి నేర్పమని మా అమ్మను అడిగి నన్ను పెట్టుకుంది. తోటి పిల్లలంతా ఆడుకునే వేళకు నేను ఒక ముసలామెకు పాఠం చెప్పాలి. నాకది గర్వంగానూ ఉండేది, ఒళ్లుమంటగానూ ఉండేది. అందుకని ఒకసారి, అన్నం చాలనుకుంటే 'ఇంగా పెట్టు' అనాలని నేర్పాను. ఆ వారమే వాళ్లిద్దరికీ మా ఇంట్లో భోజనం. మా అవ్వ సంగటి ముద్ద పెడితే ఆమె 'ఇంగా పెట్టు' అంటుంది, అవ్వ ఇంకో ముద్ద పెడుతుంది. చెమటలు కారుతున్నా ఆమె మర్యాదగా తింటూ మళ్లీ 'ఇంగా పెట్టు' అనేది. మా చిన్నాయన పొలమారేదాకా నవ్వాడు. సంగతి తెలిశాక అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లల్లో నా పేరు మోగిపోయింది. ఏం చేసినా ఇలాగే నవ్వి వదిలేస్తుందని నాకు ధైర్యం వచ్చింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆమె తన పుస్తకం తెరిచి, 'మీ దుఃఖమందు పాలుపొందుచున్నాను' అన్న వాక్యం మీద వేలు పెట్టింది.

"ఎవరైనా పోతే, మీ వీధిలో ఇలా అంటారా?" అని అడిగింది.

నాకు నవ్వు వచ్చింది. అప్పటికి రెండు రోజుల కింద వీధిలో అందరినీ కరుస్తున్న పిచ్చికుక్క చస్తే మా అవ్వ వాకిట్లో నిలబడి అన్న మాట నా నోట్లో ఉంది. గోడ అవతల నా స్నేహితురాళ్లు చెవులు పెట్టి ఉన్నారని కూడా నాకు తెలుసు.

"ఈడ ఎవురూ అట్ల అనరు. పీడ పోయిందమ్మా అంటారు," అన్నాను.

ఆమె ఆ మాటను పదిసార్లు నాతో చెప్పించుకుని, పలుకు సరిచేయించుకుని, కాగితం మీద తన అక్షరాల్లో రాసుకుంది. ఎవరూ చావలేదు కదా, ఏ కుక్కో కోడో చచ్చినప్పుడు అంటుంది, మళ్లీ అందరం నవ్వుకుంటాం అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

నెల తిరగకముందే మూలింటి అక్క కూతురు జ్వరం వచ్చి పోయింది. నేను మా అవ్వ వెంట పోయాను. ఇంటి నిండా ఆడవాళ్లు. ఆ అక్క గోడకు ఆనుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు కూర్చుని ఉంది. కాసేపటికి దొరసానమ్మ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మోకాళ్లు నొప్పి పుడుతున్నా నేల మీద కూర్చుని, ఆ అక్క రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అరవాలనుకున్నాను, అరవలేదు. ఆమె ఒక్కొక్క అక్షరం సరిగ్గా, నేను నేర్పినట్టే పలికింది.

"పీడ పోయిందమ్మా."

మూలింటి అక్క ఏడేళ్లుగా ఆ మాటకు భయపడుతూ బతికింది. ఆ పీడ ఎప్పుడు వదులుతుందోనని బోరింగు దగ్గర తన వెనకాల ఆడవాళ్లు అనుకోవడం ఆమె ఎన్నిసార్లో విన్నది. ఆ మాట అనని మనిషి ఒక్కతే ఉందనుకుంది. చేతులు వెనక్కి లాక్కుని, దొరసానమ్మ ముఖంలోకి చూసి, "నువ్వు గూడానా?" అంది. అంతే. గోడ వైపు తిరిగిపోయింది.

"ఏందమ్మా ఆ మాట? లెయ్యి, ఇంటికి పో," అంటూ మా అవ్వే ఆమెను రెక్క పట్టి లేపింది. దొరసానమ్మ అందరి ముఖాలూ చూసింది. చివరికి నా కోసం వెతికింది. నేను అవ్వ వెనక్కి తప్పుకున్నాను.

మూడు రోజులు నేను దొరసానమ్మ ఇంటి ఛాయలకు పోలేదు. నాలుగో రోజు బడి నుంచి వస్తుంటే వాకిట్లో నిలబడి నన్ను పిలిచింది. లోపల దొర బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె ఆ కాగితం నా ముందు పెట్టి, "దీని అర్థం ఏమిటి?" అంది. నేను ఏడుస్తూ చెప్పాను. కుక్క సంగతీ చెప్పాను. ఆమె తన భాషలో దొరకు ఆ మాట వివరించింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.  కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఇంకెవరికి తెలుసు?" అని అడిగింది.

గోడ అవతల ఉన్న ఇద్దరు పిల్లలకు తెలుసనీ, వాళ్లు భయపడి నోరెత్తడం లేదనీ చెప్పాను.

"నువ్వూ చెప్పవద్దు. నీవు ఈ వీధిలో పెరగాలి. నీకు ఆ పేరు ఉండకూడదు. ఆ మాట నేను అన్నాను. అది నాది," అంది.

మరుసటి రోజు ఆమె మూలింటికి పోయి, "తప్పు మాట నేర్చుకున్నాను, క్షమించండి," అని వాకిట్లో నిలబడి చెప్పింది. ఎవరు నేర్పారని లోపలి నుంచి ఎవరో అడిగారు. పుస్తకంలో చూసి పొరబడ్డానంది. అబద్ధమాడటం చేతగాని మనిషి. ఆ పొరబాటును ఎవరూ నమ్మలేదు. పాఠం చెప్పేది నేనే అయినా, చావింట్లో అనే మాట పదేళ్ల పిల్లను అడిగి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. తలుపు తీయలేదు. అయినా ఆమె రోజూ నాలుగింటికి పోయి, ఇదివరకు పిల్ల కాళ్లకు నూనె రాసిన ఆ అరగంట సేపూ వాళ్ల అరుగు మీద కూర్చుని తిరిగి వచ్చేది. తలుపు మూసే ఉండేది. ఎండలోనూ పోయేది, ముసురులోనూ పోయేది. నేను బడి నుంచి వస్తూ ఆ మలుపులో ఆమె కనపడకుండా చుట్టు తిరిగి ఇంటికి పోయేదాన్ని.

వీధి కూడా మారిపోయింది. చచ్చిన పసిబిడ్డను పీడ అన్న మనిషని మాట పాకింది. కళ్లలో నలుసు పడినా ఆమె దగ్గరకు పోవడం మానుకున్నారు. ఆ వేసవిలో మా నాయన కంట్లో పెచ్చు పడింది. "ఆయమ్మ కాడికి వద్దులే," అంది మా అవ్వ. నాయన తడిగుడ్డ కట్టుకుని రెండు రోజులు ఓర్చుకుని, తర్వాత బస్సెక్కి నంద్యాల పెద్దాసుపత్రికి పోయాడు. ఆలస్యం చేశారన్నారట అక్కడ. ఆ కంటిలో మసక ఆయన పోయేదాకా పోలేదు. విగ్రహానికి ఆఖరున కళ్లు చెక్కి తెరిచే పని అప్పటి నుంచి మా చిన్నాయనకు అప్పజెప్పాడు. నేను నోరు విప్పితే ఒక్క మాటతో తీరిపోయేది. దొరసానమ్మ వద్దన్నది కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయం వేసి చెప్పలేదు. ఆమె అన్న మాట వెనకాల దాక్కున్నాను.

మరో ఏడాదికి దొరకు గుండెనొప్పి వచ్చింది. ఈ ఎండలు పనికిరావని డాక్టర్లు చెప్పారట. రెండు పెట్టెలు, ఒక చాప చుట్ట, అంతే వాళ్ల సామాను. బస్టాండుకు మా అమ్మ, నేను, శెట్టి, ఇంకో నలుగురం పోయాం. బస్సు కదిలేదాకా ఆమె మా వీధి వైపే చూస్తూ ఉంది. మూలింటి అక్క రాలేదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు శెట్టికి దొర దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మా హెడ్మాస్టరు చదివి అర్థం చెప్పాడు. చలికాలంలో దొరసానమ్మ పోయిందట. చివరి రోజుల్లో కూడా సాయంత్రమైతే గడియారం వైపు చూసి, ఆ తల్లి ఎలా ఉందో అనేదట. ఆ అమ్మ ఎలా ఉందో దయచేసి రాయండి, అని ఉత్తరం చివర ఆయన అడిగాడు.

ఆ పొద్దు నేను ఇంటికి పోలేదు. నేరుగా మూలింటికి పోయాను. ఆ అక్క వాకిట్లో శనక్కాయలు ఒలుస్తూ ఉంది. ముందు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒలిచే చెయ్యి ఆగింది. నన్ను తిట్టలేదు.

"ఆయమ్మ ఉండంగ చెప్పింటే," అంది. మళ్లీ తనలో తను అనుకున్నట్టు, "దినామూ వచ్చి ఆ అరుగు మింద కూచుంటాండె. లోపల తలుపు సందులో నుంచి నేను సూస్తానే ఉంటి. ఒక్కపొద్దన్నా లోపలికి రామ్మా అనలేదు," అంది. చేటలో తల పెట్టుకుని ఏడ్చింది. కూతురు పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవడం నేను చూడలేదు.

నేను అక్కడే కూర్చుని మిగిలిన కాయలు ఒలిచాను. చీకటి పడే ముందు ముఖం తుడుచుకుని, "దొరకు జాబు రాయాల. నాకు రాదు, నువ్వు రాయి," అంది. ఆ అరుగు మీదే కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. 'ఆయమ్మ మీద నాకు కోపం లేదని చెప్పండి' అని రాయించింది. రాశాక, ఇంక ఎవరితో చెప్తాడు పాపం అని తనే కొట్టేయించింది. బదులుగా ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. 'మేము బాగున్నాము' అని రాసి పంపాం. జవాబు రాలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇంట్లోగానీ బయటగానీ నా వల్ల పొరబాటు జరిగితే, రేపు చూద్దాంలే అనుకోలేను. అన్నం ముందు కూర్చున్నా లేచిపోతాను. ఫోనులో కాదు, మనిషి దగ్గరకు పోయి, అది చేసింది నేనేనని చెప్పి వస్తాను. ఇంత చిన్నదానికి ఇంత దూరం రావాలా అని కొందరు నవ్వుతారు. ఎందుకు వచ్చానో వాళ్లకు చెప్పను. నా తప్పు ఇంకొకరు నెత్తిన పెట్టుకుని, మూసిన తలుపు ముందు కూర్చోవడం ఒకసారి చూశాను. మళ్లీ చూడలేను.