రంగులరాట్నానికి ఇసుక పరీక్ష

ఎనభైల మొదట్లో, చలికాలం మొదలయ్యే రోజుల్లో, నన్ను బరంపురంలో అసిస్టెంట్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. సినిమా హాళ్లు, రైస్ మిల్లులు, జాతరల్లో దీపాల తోరణాలు, ఇలా కరెంటుతో నడిచేది ఏదైనా జనం ముందుకు రావాలంటే మా సంతకం పడాలి. ఆ సంతకం మీద నాకు అప్పట్లో కాస్త గర్వం కూడా ఉండేది.

మొదటి పెద్ద పని గోపాల్‌పూర్ ఒడ్డున కొత్తగా కట్టిన వినోదాల పార్కు. సరుగుడు తోట పక్కన బొమ్మ రైలు, పడవల కొలను, మధ్యలో రంగులరాట్నం. దాని పై తొట్టెలోంచి ఒకవైపు సముద్రం, రెండోవైపు దూరంగా కొండలు కనిపిస్తాయి. పొద్దున నేల మీంచి పొడిగాలి వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం నుంచి తడిగాలి తిరుగుతుంది. సెలవులకి కలకత్తా జనం దిగుతారని యజమాని ప్రారంభం నా పరీక్ష మర్నాటికే పెట్టుకున్నాడు.

రాట్నం మాత్రం అప్పలనరసమ్మది. ఇచ్ఛాపురం వైపు మనిషి. భర్తతో కలిసి ఏళ్ల తరబడి దాన్ని విప్పి, లారీకెక్కించి, జాతర జాతరకీ తిప్పింది. ఒకేచోట కుదురుగా ఉండే అవకాశం రావడం అదే మొదలు. సర్టిఫికెట్ రాకపోతే వేరే రాట్నం తెప్పిస్తానని యజమాని ముందే చెప్పేశాడు. అంటే వాళ్లు మళ్లీ లారీ ఎక్కాల్సిందే.

మా పద్ధతి ప్రకారం మనుషులకు బదులు ఇసుక మూటలు తొట్టెల్లో సమంగా వేసి గంటసేపు తిప్పి చూడాలి. అస్కా నుంచి తెచ్చిన పాత చక్కెర గోతాల్లో కూలీలు ముందురోజే ఇసుక నింపి ఉంచారు. మూటలన్నీ ఒకే ఎత్తు. తొట్టెకి నాలుగు చొప్పున నేనే దగ్గరుండి లెక్కపెట్టించాను. స్విచ్ వేశారు. రాట్నం ఒకసారి మూలుగుతూ, మరోసారి ఉరుకుతూ తిరిగింది. మూడో చుట్టులో ఫ్యూజు పోయింది. బ్రేకు వేస్తే జారి జారి ఆగింది. ఇరుసు అరిగిపోయిందని తేల్చేసి, అనుమతి నిరాకరిస్తూ కాగితం రాయడం మొదలుపెట్టాను. నరసమ్మ భర్త ఇసుకలో చతికిలబడ్డాడు.

"సక్రానికేటీ అవలేదు బాబూ," అంది నరసమ్మ. "ఏటంటే, అటుపక్క మూటలు తడివి. ఎత్తి సూడండి."

గోతాం ముట్టుకుంటే పొడిగానే ఉంది. ఆ మాటే కొంచెం కటువుగా అన్నాను. ఆవిడ ఒక మూట మూతి విప్పింది. పైపొర కింద ఇసుక నల్లగా, ముద్దగా ఉంది. కూలీలను అడిగితే కొన్ని మూటలు అలలు తాకే అంచున, కొన్ని తోటలో నింపామన్నారు. వరసగా ఎక్కించేసరికి అంచున నింపినవన్నీ ఒకేపక్క చేరాయి. పొద్దుటి పొడిగాలికి గోతాం ఆరింది గానీ లోపలి ఇసుక ఆరలేదు.

"మేం జనాన్నైనా ఊరికే ఎక్కించం బాబూ. లావుపాటోళ్లకి ఎదర లావుపాటోళ్లనే కూకోబెడతాం. లేపోతే సక్రం ఇలాగే ఏడుస్తాది. మీరు లెక్కెట్టారు, తూకం సూడలేదు."

నాకు చాలా సిగ్గేసింది. నిబంధనలో ఉన్నది బరువే, మూటల సంఖ్య కాదు. రాస్తున్న కాగితం చింపేసి, ఒడ్డున చేపలు తూచే కాటా తెప్పించాను. మూట మూటా తూచి, సరిచేసి మళ్లీ ఎక్కించాం. ఈసారి గంటసేపూ రాట్నం ఒకే తీరున తిరిగింది, బ్రేకు వేసినచోటే ఆగింది. అయినా ఇరుసు విప్పించి చూశాను. ఎక్కడా అరుగుదల లేదు. సాయంత్రానికి సంతకం పెట్టాను.

మర్నాడు ప్రారంభంలో నన్నూ ఎక్కమన్నారు. అప్పట్లో నేను ఆఫీసు కుర్చీ నిండా ఉండేవాణ్ణి. నరసమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇనస్పెట్రు బాబుకి ఎదర ఇద్దర్ని కూకోబెట్టండి!" అని కేకేసింది. క్యూలో జనమంతా గొల్లున నవ్వారు. నవ్వు ఆపుకోవడం నావల్లా కాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పరీక్షలోనూ తూచని మూటను తొట్టె ఎక్కనివ్వలేదు. యంత్రంలో లోపం ఉందని రాసే ముందు దాన్ని నడిపే మనిషిని అడిగేవాణ్ణి. వాళ్లు చెప్పింది నా నివేదికలో మొదటి పేరాగా ఉండేది.