అత్తయ్య ఒప్పుకున్న డాక్టరు

అప్పట్లో మేం నాచారంలో అద్దెకుండేవాళ్ళం. కాన్పు చేసిన ఆసుపత్రి ఊరికి ఆ చివర. అందుకని పాపకి దగ్గర్లో ఒక డాక్టర్ని చూసుకోవాలనుకున్నాం. సాయానికి తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య, ఆ ఎంపిక తన పనే అన్నట్టు బయల్దేరారు. ఐదుగురిని పెంచిన మనిషి, ఎవరు కాదంటారు?

ముందు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కొత్త ఆసుపత్రికి వెళ్ళాం. సాయంత్రమైతే పాప ఒకటే ఏడుపని నేను చెప్తుండగానే, ఆ డాక్టరు మూడు సీసాల పేర్లు రాసిచ్చేశారు. "బిడ్డ మొహమైనా చూశాడా?" అన్నారు అత్తయ్య, తిరిగొస్తూ ఆటోలో.

మర్నాడు ఇంటి ఓనరమ్మ చెప్పింది. "మందుల దుకాణం మీద పెద్ద డాక్టరుంటడు. మా పిల్లలందర్ని గాయననే సూసిండు. జర కోపమెక్కువ గాని, మంచిగ సూస్తడు."

ఆయన దగ్గరికి వెళ్తే, అరచేతులు రుద్ది వెచ్చచేసుకున్నాకే పాపని ముట్టుకున్నారు. బొడ్డు చూసి, తూకం వేసి, "మంచిగనే పెరుగుతుంది. మందేం వద్దు బిడ్డా" అన్నారు నాతో.

అత్తయ్యకి నచ్చలేదు. "పోనీ వాము నీళ్ళు పట్టమంటారా?"

"వద్దమ్మా. ఆర్నెల్లదాంక తల్లిపాలే."

"మా పిల్లలకి పట్టానండీ. వాళ్ళకేమైంది?"

కోప్పడతారనుకున్నాను. ఆయన మాత్రం కళ్ళజోడు తీసి, "ఎంతమంది?" అన్నారు.

"ఐదుగురు."

"అయితే మీకు నేర్పేదేమున్నది? పాలు తాగినంక గిట్ల భుజం మీదేసుకోని వీపు నిమరున్రి. మీ చేతికి ఊకుంటది. నీళ్ళు మాత్రం వద్దు."

"మందు రాయని డాక్టరేం డాక్టరు" అని మెట్లు దిగుతూ గొణిగారు అత్తయ్య. సాయంత్రం మాత్రం పాపని భుజానేసుకుని వరండాలో ముప్పావుగంట తిరిగారు. వాము డబ్బా బయటికి తీయలేదు.

వారానికి, ఒక మధ్యాహ్నం, పాప ఒళ్ళు కాలిపోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. "ఆ పెద్దాయనకి ఫోన్ చెయ్యి" అన్నది అత్తయ్యే. తీసుకెళ్ళగానే ఆయన చూసి, "గీ వయసుల జ్వరమొస్తే నేను ఇక్కడ పెట్టుకోవద్దు" అని పెద్దాసుపత్రికి చీటీ రాశారు. అక్కడి డాక్టరుకి తనే ఫోన్ చేసి, మమ్మల్ని ఆటో ఎక్కించారు. నాలుగు రోజుల్లో పాప కోలుకుంది.

తెనాలి వెళ్ళే ముందు అత్తయ్య ఆ మెట్లెక్కి, పాపని ఆయన చేతుల్లో పెట్టారు. "మీ మనవరాలే అనుకోండి."

"అనుకునుడేందమ్మా, మా ఇంటి పిల్లనే."

మేడిపల్లిలో ఇల్లు కట్టుకుని వెళ్ళాక కూడా పాపని ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళం. దారిలో పిల్లల ఆసుపత్రులు రెండు తగిలేవి.