లడఖ్ మట్టి, గులాబీ చుక్క

కడపలో ఎండలకు రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటుంటే, నేను మాత్రం చలిని కాపాడే పనిలో ఉండేదాన్ని. లడఖ్ కొండల మధ్య వాన మొహం చూడని చలి ఎడారి ఉంది. అక్కడి మట్టి కొంత ఐసు పెట్టెలో మా యూనివర్సిటీ ల్యాబుకు వచ్చింది. అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి చూపించడమే నా పీహెచ్‌డీ. బద్వేలు దగ్గర మా ఊళ్లో అమ్మకు ఈ సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "ఈడ మట్టికేం కరువొచ్చిందే, ఆడి నుంచి తెప్పిస్తాండారు?" అంది. జీవితమంతా పరాయి చేలల్లో మట్టి పిసికిన మనిషి.

మామూలు బ్యాక్టీరియా సాయంత్రం పెడితే తెల్లారేసరికి గాజు పళ్లెమంతా పాకుతుంది. ఇవి వారాలు గడిచినా కదలవు. వేడి తగిలితే చస్తాయి, తిండి ఎక్కువైనా చస్తాయి. అందుకని పలచటి గంజిలాంటి తిండి పెట్టి, చలిపెట్టె అని మేం పిలుచుకునే ఇంక్యుబేటరులో ఉంచేదాన్ని. ఖాళీ పళ్లేలను ఇంకెంతకాలం మేపుతావని అందరూ ఎగతాళి చేశారు. చివరికి ఒకరోజు పొద్దున ఒక పళ్లెంలో ఆవగింజలో సగం కూడా లేని గులాబీ చుక్క కనబడింది. ఆ మట్టి నుంచి మా ల్యాబులో అప్పటిదాకా ఎవరికీ ఏమీ రాలేదు. నా చదువు, మా ఇంటికి మొదటి డాక్టరేటు, అన్నీ ఇక ఆ చుక్క మీదే.

దాన్ని ముందుగా అక్కకే చూపించాను. సొంత అక్క కాదు, ల్యాబులో నా సీనియరు. పత్తికొండ వైపు పెద్ద రైతుల ఇంటి పిల్ల. నేను చేరిన కొత్తలో హాస్టల్లో సీటు దొరక్కపోతే తన గదిలో చోటిచ్చింది. ఆమెకు జ్వరమొస్తే నేను గంజి కాచి ఇచ్చేదాన్ని. ఏళ్లు గడిచిపోతున్నా చూపించుకోవడానికి ఆమె చేతిలో ఒక్క ఫలితమూ లేదు. ఆ సంగతి తెలిసి కూడా నాకు అనుమానం రాలేదు.

దసరాకు మా ల్యాబులో ఆయుధ పూజ ఘనంగా చేస్తారు. యంత్రాలన్నిటినీ తుడిచి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, వాటికి విశ్రాంతి అని స్విచ్చులు తీసేస్తారు. మేం చర్చికి పోయేవాళ్లమే అయినా నేనూ ఏటా బొట్లు పెట్టేదాన్ని, ప్రసాదం బొరుగులు తినేదాన్ని. ఆ ఏడు అమ్మకు ఒళ్లు బాగాలేదని కబురొచ్చింది. ఊరికి పోతూ, చలిపెట్టె ఒక్కటి మాత్రం ఆపనీయొద్దని అక్క చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను.

"నేనుండా కదా పాపా, నువ్వు పో" అంది.

సెలవులయ్యాక వచ్చి చూస్తే చలిపెట్టె శుభ్రంగా కడిగి ఉంది. తలుపు మీద పసుపూ కుంకుమా ఉన్నాయి, లోపల ఏమీ లేదు. పూజనాడు అటెండరు స్విచ్చు తీసేశాడని, ఎవరూ గమనించలేదని, అన్నీ పాడైపోతే ఆవిరిలో ఉడికించి పారేశామని అక్క చెప్పింది. నా పక్కన కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ ఏడుపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా ఇద్దరికీ గైడయిన సారు నన్ను గదికి పిలిచి, టీ తెప్పించి ఓదార్చారు. లడఖ్ మట్టి అయిపోయింది, శనగ చేల మట్టి మీద పని చేసుకోమన్నారు. దేవుడిలాంటి మనిషి అనుకున్నాను. ఆదివారం ప్రార్థనలో ఆయన్ని కూడా తలుచుకునేదాన్ని.

శనగ చేల మట్టితోనే థీసిస్ పూర్తి చేసి ఇచ్చాను. ఆ తర్వాత కొన్ని నెలలకు అక్క నా గదికొచ్చింది. ఆ మాటా ఈ మాటా చెప్పి, ఒకటి అడుగుతాను, కోపం చేసుకోవద్దంది.

"ఆ గులాబీది నువ్వెట్ల పెంచితివో చెప్పు పాపా. మాకు యాడా పైకి రాల్యా."

చచ్చిపోయినదాన్ని ఎట్లా పెంచుతారని అడిగాను, అప్పటికీ అర్థం కాక. ఆమె తలొంచుకుని అసలు సంగతి చెప్పింది. పూజకు ముందే కొంచెం తీసి, ట్యూబుల్లో పెట్టి, సారు గదిలోని డీప్ ఫ్రీజరులో దాచిందట. దానికి మాత్రం ఆ రోజు విశ్రాంతి ఇవ్వలేదు. చలిపెట్టె స్విచ్చు తీస్తుంటే పక్కనే ఉండి చూస్తూ ఊరుకుందట.

సారుకు తెలుసా అని అడిగాను.

"సారే చెప్పినాడు. నువ్వు థీసిస్ ఇచ్చేదాకా బయటికి తియ్యొద్దన్నాడు."

ఆమె చేసింది కొంతైనా అర్థమైంది, దిక్కుతోచక చేసింది. ఆయన తాగించిన టీ మాత్రం ఈ రోజుకీ నా గొంతు దిగలేదు. బిడ్డను ఎత్తుకుపోయినవాళ్లు తల్లి దగ్గరికే వచ్చి పాలెట్లా పట్టాలో అడిగినట్టుంది. బయటికి పొమ్మన్నాను. ఆమె గుమ్మంలో నిలబడి, చివరి ట్యూబు ఒక్కటే మిగిలిందని, అదీ పోతే ఇక లేనట్టేనని చెప్పింది.

వాళ్లు చేస్తున్న పొరపాటు ఏమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. తిండిలో వేసే ఫాస్ఫేటు ఉప్పునూ, దాన్ని గడ్డకట్టించే అగర్ పొడినీ అందరిలాగే కలిపి ఉడికిస్తున్నారు. రెండూ కలిసి ఉడికితే ఇలాంటి నాజూకు జీవులకు పడనిదేదో పుడుతుంది. పప్పు ఉడకకముందే చింతపులుసు పోసినట్టు. నేను విడివిడిగా ఉడికించి, దించాక కలిపేదాన్ని. పొద్దున్నే ఎవరూ రాకముందు చేసుకునే పని కాబట్టి ఆమె ఎన్నడూ చూడలేదు.

చెప్పాను. ఆమె మీద జాలితో కాదు. అది చస్తుందని తెలిసీ నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాలేదు. చెబుతున్నంతసేపూ ఇద్దరినీ మనసులో తిడుతూనే ఉన్నాను.

కొన్ని వారాలకు ఫోన్ చేసి ల్యాబుకు రమ్మంది. సారు కూడా ఉన్నారు, నవ్వుతూ కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. అక్క పళ్లేన్ని మూత తీయకుండా కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నిండా గులాబీ చుక్కలు.

"సూడు పాపా, నాది ఎంత బాగా వచ్చిండాదో."

బాగుందక్కా అన్నాను. నిజంగానే బాగుంది.