ఎపిడ్యూరల్ అడిగాను, జీలకర్ర కషాయం ఇచ్చారు

ఆ రోజు ఉదయం రేపల్లెలో మా అమ్మ వేసిచ్చిన పెసరట్టు సగం తిన్నానో లేదో, నడుము వెనక నుంచి పొత్తికడుపులోకి ఎవరో తాడు బిగించి లాగినట్టయింది. కాసేపటికి వదిలింది. మళ్ళీ పట్టింది.

"మొదలైనట్టున్నాయమ్మా" అన్నాను.

"మొదలూ లేదు గిదలూ లేదు. రాత్రి ఆ పనసతొనలు తిన్నావుగా, గ్యాసు" అంది అమ్మ, పెనం మీద నుంచి తల తిప్పకుండా.

ఆ మాటకు నాకు ఇప్పటికీ ఎందుకు ఒళ్ళు మండుతుందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నేనూ మా ఆయన కిరణూ ఐర్లండ్‌లో ఉంటాం. అక్కడ గర్భిణులకు క్లాసులు పెడతారు. నొప్పి తగ్గించడానికి ఏమేం దారులున్నాయో ఓపిగ్గా చెబుతారు. మాస్కుతో పీల్చే గ్యాస్ ఉంది, గోరువెచ్చటి నీళ్ళ తొట్టి ఉంది, తొడకిచ్చే ఇంజెక్షన్ ఉంది, వెన్నులో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ ఉంది. "ఏది కావాలన్నా, ఏదీ వద్దన్నా నీ ఇష్టమే" అంది మిడ్‌వైఫ్. నా ఒంటి గురించి 'నీ ఇష్టం' అన్న మాట నేను అంతకుముందు ఎవరి నోటా వినలేదు. నొప్పంటే నాకు చచ్చేంత భయం. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, కుర్చీలోంచి దిగి పారిపోయి వచ్చిన మనిషిని. ఎపిడ్యూరల్ కావాలన్నాను. సరే రాసుకుంటాం అన్నారు. అంత తేలిగ్గా.

అక్కడే కనేసి ఉంటే మీకు ఈ సోదంతా చెప్పే పనే ఉండేది కాదు. కానీ తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని రెండు వైపులా పట్టు. ఐర్లండ్‌లో పురిటికి తోడుండేవాళ్ళూ లేరు. ఏడో నెలలో విమానం ఎక్కాను. ఎపిడ్యూరల్‌ది ఏముందిలే, మన దగ్గర మాత్రం డాక్టర్లు లేరా అనుకున్నాను.

రేపల్లెలో అడిగితే, "అది ఆపరేషన్‌కి కదమ్మా ఇస్తారు?" అన్నారు. బాపట్ల వెళ్ళాం. అక్కడి డాక్టరుగారు నా స్కాన్లు చూసి, నన్ను చూసి, నవ్వారు. "ఓర్చుకోలేననుకుంటే సిజేరియన్ చేసేద్దాం. మంచి ముహూర్తం పెట్టించుకు రండి."

నొప్పి తగ్గించమన్నాను గానీ, కడుపు కొయ్యమన్నానా అండీ? ఆ రోజు కారులో ఇంటిదాకా నేను అమ్మతో మాట్లాడలేదు. పాపం ఆవిడ తప్పేమీ లేదు, అప్పటికి.

చివరికి మా అత్తగారి ఊరు తెనాలిలో ఒక డాక్టరమ్మ దొరికారు. సూటిగా మాట్లాడే మనిషి. "ఇస్తామమ్మా. కానీ మత్తు డాక్టరు గుంటూరు నుంచి రావాలి. మొదటి నొప్పి రాగానే ఫోన్ చెయ్యండి. ఆలస్యంగా వచ్చి నన్ను అడిగితే నేనేం చెయ్యలేను" అన్నారు. ఆవిడ నంబరు అమ్మ తన ఫోన్‌లో ఎక్కించుకుంది. "నొప్పుల్లో నువ్వేం మాట్లాడతావు, నేను చేస్తాలే" అంది. అమ్మ కదా, నమ్మాను.

ఇక ఆ ఉదయం సంగతి. పెసరట్టు పక్కన పెట్టేశాను. అమ్మ జీలకర్ర కషాయం కాచి తెచ్చింది. దొంగ నొప్పులైతే దాంతో తగ్గిపోతాయట, అసలు నొప్పులైతే పెరుగుతాయట. తాగాను. పెరిగాయి. "ఇంకా దొంగవే, ఇంకో గ్లాసు తాగు" అంది. తాగాను. ఇంకా పెరిగాయి. నడుము మీద వేడినీళ్ళు పోసింది. పెరట్లో నడవమంది. నేను గోడ పట్టుకుని నడుస్తుంటే ఆవిడ అస్తమానూ లోపలికి వెళ్ళి గడియారం చూసొస్తోంది.

"డాక్టరమ్మకి ఫోన్ చేశావా?"

"చేశానే తల్లీ. ఇంకా టైముందంట. కంగారు పడొద్దన్నారు."

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు తగ్గిపోతోంది. దొంగ నొప్పులే ఇలా ఉంటే అసలువి ఎలా ఉంటాయో దేవుడా అని ఏడ్చాను. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి వాకిట్లో కారు ఆగింది. సంచులన్నీ అప్పటికే సర్ది ఉన్నాయి.

"దొంగ నొప్పులకి కారెందుకమ్మా?"

"ఇప్పుడు అసలువే. పద పద" అంది.

వేమూరు దగ్గర రైలు గేటు పడింది. రేపల్లె బండి తీరిగ్గా పోతుంటే, నేను ముందు సీటు పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరిని తిట్టానో నాకే తెలియదు. డ్రైవరు మాత్రం భయపడి ఏసీ పెంచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి గ్లవ్స్ తీస్తూ అడిగారు. "ఎయిట్ సెంటీమీటర్స్ ఓపెన్ అయింది, టెన్ అయితే కాన్పే. ఎప్పటి నుంచమ్మా నొప్పులు?"

"పొద్దున్నుంచీ మేడమ్. అమ్మ మీకు ఫోన్ చేసింది కదా."

"నాకా? ఎవరూ చెయ్యలేదే!"

అమ్మ నేలకేసి చూస్తోంది. అప్పటికీ డాక్టరమ్మ గుంటూరుకు ఫోన్ చేశారు. మత్తు డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉన్నారు. "ఆయన వచ్చేదాకా నీ బిడ్డ ఆగదమ్మా" అన్నారు. నొప్పికి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. నిద్ర ముంచుకొచ్చింది గానీ నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

నర్సమ్మ, "అరవకండమ్మా, బయట పేషెంట్లు భయపడతారు" అంది. "భయపడనివ్వండి, ముందే తెలిస్తే మంచిదే" అన్నాను. మా ఆయన వీడియో కాల్‌లో, క్లాసులో నేర్పినట్టు గాలి పీల్చి వదలమన్నాడు. ఆ ఫోన్ కిటికీలోంచి పారెయ్యమన్నాను. అమ్మ నా తల నిమరబోతే చెయ్యి తోసేశాను. ఆ తర్వాతది నేను రాయలేను. రాసినా, కన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, కననివాళ్ళకి ఎక్కదు.

పాప పుట్టింది. బంగారుబొమ్మ. మా అత్తగారు లోపలికి వచ్చీ రాగానే అన్న మొదటి మాట, "పూర్వాషాఢ! దివ్యమైన నక్షత్రం. మూల దాటింది."

అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు కుట్ల నొప్పితో ఒక పక్కకి ఒరిగి కూర్చుని అమ్మని నిలదీశాను. ముందు బుకాయించింది. తర్వాత చెప్పింది.

"పొద్దున్నే మీ అత్తగారికి చెప్పానే, నొప్పులొస్తున్నాయని. మధ్యాహ్నం దాకా మూల ఉంది, తండ్రికి గండం, అందాకా కదపొద్దొదినా అన్నారు. ఆసుపత్రికెళ్తే సూదులేసి తొందరగా కాన్పు చేసేస్తారంట."

"నువ్వెలా ఒప్పుకున్నావు?"

"ఒప్పుకోక? రేపు మీ ఆయనకి జ్వరమొచ్చినా ఆ పిల్లనే అంటారు. ఉద్యోగం పోయినా దాన్నే అంటారు. నొప్పి ఒక్క పూటది. ఆ మాట దాని బతుకంతా ఉంటది."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. మా వైపు మూలలో పుట్టిన ఆడపిల్ల ఎన్ని మాటలు పడుతుందో నాకూ తెలుసు. కానీ ఆ ఒక్క పూట ఎవరిదండీ? నాది కదా. నన్ను ఒక్క మాట అడగాలి కదా! "అడిగితే నువ్వు ఒప్పుకునేదానివా?" అంది అమ్మ. ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే అడగలేదన్నమాట!

కష్టాలు అక్కడితో అయిపోలేదు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుందని గుక్కెడు నీళ్ళకి కూడా లెక్క పెట్టారు. పథ్యమని కారప్పొడి అన్నం. ఫలితంగా మలబద్ధకం, కుట్లు పిగిలి చీము, చలిజ్వరం. మళ్ళీ తెనాలి పరుగు. డాక్టరమ్మ ఈసారి అమ్మని పక్కన నిలబెట్టి మరీ అడిగారు. "ఏంటండీ, పిల్లకి మంచినీళ్ళు కూడా ఇవ్వట్లేదా?" యాంటీబయాటిక్స్ వాడి, రోజూ గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చుంటే గానీ మామూలు మనిషిని కాలేదు.

ఇప్పుడు ఐర్లండ్‌లోనే ఉన్నాం. పాప పరుగులు పెడుతోంది. పాప ఎప్పుడు నవ్వినా మా అత్తగారు ఫోన్‌లో నక్షత్రాన్నే మెచ్చుకుంటారు. అమ్మ మీద నాకు ప్రేమ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. రెండూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి. ఆవిడ పాపని కాపాడాననుకుంటోంది. కావచ్చు. నన్ను కాపాడేవాళ్ళు మాత్రం ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

అందుకే కాన్పుకు పుట్టింటికి వెళ్ళే చెల్లెళ్ళకి ఒక్కటే చెబుతాను. డాక్టరు నంబరు మీ ఫోన్‌లో పెట్టుకోండి. మొదటి నొప్పికే, మాట పెగిలినా పెగలకపోయినా, మీ గొంతుతో మీరే ఫోన్ చెయ్యండి. "నేను చేశాలే" అని ఎవరన్నా నమ్మకండి. అమ్మ అన్నా సరే.